మా చర్చి గోడ మీద నేను వేయించిన సినిమా

పెళ్లయ్యేదాకా నేను సినిమా హాలు లోపల ఎలా ఉంటుందో చూడలేదు. మా నాన్న డోర్నకల్‌లో రైలు పట్టాల మీద పని చేసేవాడు. ఆదివారం చర్చికి పోవడం, మిగతా రోజులు పనికి పోవడం, ఇవి తప్ప ఆయనకు మూడోది తెలియదు. సినిమా అంటే ‘లోకం’ అనేవాడు. లోకం అంటే మా ఇళ్లలో దేవునికి దూరంగా లాగే ప్రతిదీ. అందులోకి పేకాట వచ్చేది, సిగరెట్టు వచ్చేది, సినిమా వచ్చేది. ఒక్క సినిమాకు మాత్రం మినహాయింపు ఉండేది. లెంటు రోజుల్లో, అంటే గుడ్ ఫ్రైడేకు ముందు ఉపవాసాలుండే రోజుల్లో, చర్చి ఆవరణలో తెల్ల దుప్పటి కట్టి ప్రభువు జీవితం సినిమా వేసేవాళ్లు. దానికి మాత్రం నాన్నే ముందు పోయి చాప పరిచేవాడు.

అందుకేనేమో, చాలామందికి సినిమా అంటే పాటలు, ఫైటింగులు గుర్తొస్తే, నాకు దేవుని సంగతులు గుర్తొస్తాయి. నేను మొదట చూసిన సినిమా అదే. ఇప్పటికీ నాకు నచ్చే సినిమాలన్నీ ఆ దుప్పటికి ఏదో రకంగా చుట్టాలే.

పదో తరగతి తర్వాత నా చదువు ఆగింది. పెళ్లి చేసుకుని హనుమకొండకు వచ్చాను. మా పక్కిల్లు కిరాణం షాపువాళ్లది. ముందు షాపు, వెనుక ఇల్లు. ఆ ఇంటి పెద్దావిడను బజారంతా కిరాణం అమ్మ అనేది, నేనూ అంతే. ఆమె టీవీలో భక్తి సినిమా వచ్చినప్పుడల్లా గోడ మీదుగా పిలిచేది. మా అత్తమ్మకు మొదట్లో నచ్చేది కాదు. “వాళ్ల దేవుళ్ల సినిమా నీకెందుకే?” అనేది. “టీవీ వాళ్లది, కూసునేది నేను. దేవునికేమన్న ఫికరా అత్తమ్మా?” అంటే నవ్వి ఊరుకునేది. కొన్నాళ్లకు ఆమే నాకంటే ముందు పోయి కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ టీవీలో చూసిన ఒక నలుపు తెలుపు సినిమా నన్ను లైబ్రరీ దాకా నడిపించింది. ఒక బోయి కథ అది. జీవితమంతా దేవుని పల్లకీ మోస్తాడు. ముందు కొమ్ము అతనిదే కాబట్టి ఊరేగింపులో ఊరంతా చూసే దేవుణ్ని అతనొక్కడే చూడలేడు, వీపు అటువైపు ఉంటుంది. సినిమా అయిపోయాక కిరాణం అమ్మ కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది. నాకేమో ప్రశ్నలు మిగిలాయి. ఈ కథ ఎవరికి తట్టింది? అంతసేపు అతని వీపునే ఎందుకు చూపించారు? ఇంట్లో అడిగితే “సినిమాగాళ్లను అడుగు” అన్నారు. మర్నాడు కూరగాయలకని వెళ్లి, సంచీ చేతిలో పట్టుకునే లైబ్రరీ మెట్లెక్కాను.

అక్కడ హాలు నిండా మగవాళ్లు పేపర్లు చదువుతూ కూర్చున్నారు. లైబ్రేరియన్ నన్ను చూసి, “పిల్లల పుస్తకాలు ఆ పక్కకున్నయమ్మా” అన్నాడు. “నాకు సినిమాల గురించి కావాలె సార్” అన్నాను. “హీరోలయా?” “కాదు. తీసుడు గురించి.” ఆయన అడుగు అరలో నుంచి దుమ్ము దులిపి ఒక లావు పుస్తకం తీసిచ్చాడు. ఆ బల్ల దగ్గరే నా కాలేజీ మొదలైందని అనుకుంటాను. తెలుగులో ఉన్నవి అయిపోయాక ఇంగ్లిష్‌వి పట్టుకున్నాను. ఒక పక్క పుస్తకం, ఇంకో పక్క డిక్షనరీ. మొదట్లో ఒక్క పేజీకి మధ్యాహ్నమంతా పట్టేది. ఇంటికొచ్చి బియ్యం కడుగుతూ ఆ పేజీనే మనసులో మళ్లీ చదువుకునేదాన్ని. ఇప్పుడు ఇంగ్లిష్ సినిమా కింద వచ్చే అక్షరాలను చూస్తూ చూస్తూనే మన మాటల్లో చెప్పగలను. దీనికి నాకు సర్టిఫికెట్ ఏమీ లేదు. కానీ ఎవరైనా “ఎక్కడ చదివినవు?” అంటే తల ఎత్తే “లైబ్రరీల” అని చెప్తాను.

అలా పుస్తకాల్లో పేరు చూసి, ఫోన్లో వెతికి చూసిన సినిమాలు కొన్ని నాతో ఉండిపోయాయి. ఎడారి ఊళ్లో జనాన్ని నమాజుకు పిలుస్తూ అజా ఇచ్చే ముసలాయన సినిమా ఒకటి. ఆయనకు గొంతు పోతుంది. అయినా రోజూ మినారు మెట్లెక్కుతాడు. ఆయన ఎక్కడం చూసి జనం నమాజుకు లేస్తారు. అది చూసిన వారం రోజులు మా వీధి చివర మసీదు నుంచి వినిపించే పిలుపు నాకు కొత్తగా వినపడింది. ఇంకా ఉన్నాయి గానీ, ఇప్పుడు చెప్పాలనుకున్నది వంట చేసే సన్యాసి సినిమా గురించి. ఎందుకంటే దాన్ని నేను చూసి ఊరుకోలేదు. మా చర్చి గోడ మీద వేయించాను.

మా చర్చిలో ఇప్పటికీ లెంటులో ఒక ఆదివారం సాయంత్రం సినిమా వేస్తారు. దుప్పటి పోయి, సండే స్కూలు గదికి సున్నం వేసిన గోడ వచ్చింది. రీళ్లు తిప్పే పెట్టె మిషను పోయి ప్రొజెక్టరు వచ్చింది. సినిమా మాత్రం అదే. అందరికీ మాటలతో సహా నోటికొచ్చింది. కుర్రవాళ్లు ఫోన్లు చూసుకుంటారు, ఆడవాళ్లు ఇంటి ముచ్చట్లు పెట్టుకుంటారు. నాకది చూస్తే బాధగా ఉండేది. ఒకనాడు సంఘ పెద్దలు కూర్చున్నప్పుడు ధైర్యం చేసి అడిగాను. పెద్దల్లో పెద్దాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరైనవాడు. అందరం బాపు అంటాం. పచ్చజెండా ఊపందే బండి కదలనిచ్చే మనిషి కాదు.

“కొత్త సినిమా ఎందుకు బిడ్డా? పాతదాంట్ల ఏం తక్కువైంది?” అన్నాడు.

“తక్కువేం కాలేదు బాపూ. అందరికీ నోటికొచ్చింది గంతే.”

“నోటికొస్తే మంచిదే గదా. వాక్యం నోటికి రావాల్ననే గదా మనం జెప్పేది.”

వెనక బెంచీలో స్త్రీల సమాజం వాళ్లతో కూర్చున్న మా అత్తమ్మ లేచింది. నేను లైబ్రరీకి పోయిన ప్రతి రోజూ “వచ్చినవా కలెక్టరమ్మా” అని ఎత్తిపొడిచే మనిషి.

“బాపూ, నా కోడలు ఆడ ఊకె కూసుంటలేదు, సదువుతాంది. ఆమె మంచిదంటాందంటే ఆ సినిమాల ఏదో ఉన్నది. ఏసి సూడుండ్రి. నాదీ పూచీ.”

బాపు అయ్యగారి వైపు చూశాడు. అయ్యగారు మా పాస్టరు, కొత్తగా వచ్చినవారు, మెత్తని మనిషి. తల ఊపారు. “సరే, ఈ ఒక్క ఏడు,” అన్నాడు బాపు. “జనం మెచ్చకపోతే మళ్ల పాతదే. ఇగ ఈ ముచ్చట ఎవలూ తేవద్దు.”

ఇంటికి నడుస్తూ అత్తమ్మ అంది, “నా ఇజ్జత్ నీ చేతుల పెట్టిన. జర సూసుకో.”

ఆ సినిమా కథ ఇది. మంచు కురిసే కొండల మీద ఒక మఠం. చలికాలం, తిండి కరువు. సినిమా మొదలయ్యేసరికే సన్యాసులందరూ మోకాళ్ల మీద ప్రార్థనలో ఉంటారు. చాలాసేపు మాటలుండవు. అందరి కళ్లూ మూసి ఉంటాయి. వంట చేసే సన్యాసి ఒక్కడు కళ్లు తెరుస్తాడు. తలుపు సందులో నుంచి మంచులో నిలబడ్డ ఒక ఆడమనిషి కనపడుతుంది, ఆకలితో ఉందని చూస్తేనే తెలుస్తుంది. అతను చప్పుడు కాకుండా లేచి, వంటింట్లో నుంచి ఒక రొట్టె తెచ్చి ఆమె చేతిలో పెట్టి, తిరిగొచ్చి మోకరిస్తాడు. ప్రార్థన ముగిసి అందరూ కళ్లు తెరిచేసరికి ఎక్కడివాళ్లక్కడే ఉంటారు. ఆ తర్వాత రొట్టె తగ్గిందని తెలుస్తుంది. నేరం వంటవాడి మీద పడుతుంది. అతను ఒక్క మాట కూడా చెప్పుకోడు. వంటింట్లో నుంచి తీసేసి గేటు దగ్గర కాపలా పెడతారు. ఆఖరి సీనులో ఆ ఆడమనిషి మళ్లీ ఆ దారిన వస్తుంది. అతన్ని గేటు దగ్గర చూసి ఆగి, తల వంచుతుంది. అంతే. మఠంలో ఎవరికీ చివరిదాకా నిజం తెలియదు. చూసేవాళ్లకు మాత్రమే తెలుసు. నేను చదివిన పుస్తకంలో దీని గురించి అరపేజీయే ఉంది. కానీ ఈ సినిమాకు సాక్షి ప్రేక్షకుడే అని రాసిన ముక్క నన్ను బాగా పట్టుకుంది. మా జనాన్ని సాక్షులుగా కూర్చోబెట్టాలని నా ఆశ.

ఆ ఆదివారం చీకటి పడుతుండగానే ఆవరణ నిండిపోయింది. కిరాణం అమ్మ షాపు మూసి, ఇంటి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చుకుని వెనక వరుసలో వేసుకుంది. “మా పిల్ల సినిమా ఆడిపిస్తాంటే రాకుంట ఎట్లుంట?” అంది. అత్తమ్మ ముందు వరుసలో, బాపు పక్కన కూర్చుంది. కింద వచ్చే ఇంగ్లిష్ అక్షరాలను చదివి మన మాటల్లో చెప్పడం నా పని. ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద, చేతిలో మైకుతో కూర్చున్నాను.

గోడ మీద మఠం కనపడింది. సన్యాసులు మోకరించారు. మాటలేవీ లేవు కాబట్టి, జనం తికమక పడకుండా నేనే మైకులో చెప్పాను.

“ఇప్పుడు వీళ్లు ప్రార్థన చేసుకుంటున్నరు.”

ఆవరణంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. నా ముందున్న తలలన్నీ వంగాయి. ఎంత భక్తిగా చూస్తున్నారు అనుకున్నాను. గర్వంగా కూడా అనిపించింది. తర్వాత నా కళ్లు లాప్‌టాప్ మీదికి పోయాయి, మాటలు ఎప్పుడు మొదలవుతాయోనని. సన్యాసులు ఆమెన్ పాడారు. మా వాళ్లూ ఆమెన్ అన్నారు. సినిమా ముందుకు సాగింది.

రొట్టె పోయిందని తెలిసిన సీను వచ్చింది. మఠం పెద్ద అందరినీ నిలబెట్టి అడుగుతాడు. వంటవాడు తల దించుకుంటాడు. అప్పుడు మా అత్తమ్మ గొంతు వినపడింది.

“సూడు, సూడు, వాడే! దొంగ సచ్చినోడు. మొకంలనే కనబడ్తాంది.”

మొదట ఆమె పరాచికమాడుతుందనుకున్నాను. కానీ ఆడవాళ్ల వరుసంతా తల ఊపింది. “మఠంల ఉండి గీ పనా!” అంది ఒకావిడ. గేటు దగ్గరికి పంపినప్పుడు కుర్రవాళ్లలో ఎవరో “మంచిగైంది” అన్నారు. మైకులో మాటలు చెప్తూనే ఉన్నాను గానీ, వీళ్లకు ఏమైందో నాకు అంతు చిక్కలేదు. కళ్లెదురుగా రొట్టె ఇచ్చాడు కదా, ఇంత రాతి మనసా వీళ్లది అనుకున్నాను. ఆఖరి సీను వచ్చింది, పోయింది. గోడ మళ్లీ తెల్లగా అయింది. చప్పట్లు లేవు. ఎవరో దగ్గారు. బెంచీలు కిర్రుమన్నాయి.

బాపు లేచి నిలబడ్డాడు. “అయిపోయిందా బిడ్డా?”

“అయిపోయింది బాపూ.”

“దొంగతనం జేసినోడు శిక్ష అనుభవించిండు. తప్పేంలేదు, నీతి ఉన్నది. కని గింతదానికి గంటసేపు కూసోవాల్నా? ఆఖర్న ఆ ఆడామె ఎవలు?”

“మొదట్ల వచ్చిన ఆమెనే.”

“మొదట్ల ఆడామె ఏడున్నది?”

“మఠంల ఆడోళ్లు ఉండరు గదా అక్కా,” అన్నాడు కుర్రవాళ్లలో ఒకడు. నవ్వులు వినపడ్డాయి. అత్తమ్మ నా వైపు చూడలేదు. నేల వైపు చూస్తూ కొంగు చివర వేలికి చుట్టుకుంటోంది. ఆమె పూచీ, నా కోరిక, రెండూ ఆ తెల్లగోడ ముందు నిలబడి ఉన్నాయి. బాపు మెల్లగా, కోపం లేకుండానే, “సరే, వచ్చే ఏడు పాతదే...” అని మొదలుపెట్టాడు.

వెనక నుంచి కిరాణం అమ్మ కేకేసింది. “ఓ అక్కా! మీరందరు నిద్రపోయిండ్రా ఏంది? ఆయన దొంగతనం ఎప్పుడు జేసిండు? మంచుల నిలబడ్డ ఆడామెకు రొట్టె ఇచ్చి రాలే?”

అత్తమ్మ గిర్రున తిరిగింది. “ఎప్పుడిచ్చిండు? నేను ముందుల్నే కూసున్న, నాకు కనబడంది నీకు కనబడ్డదా?”

“మొదట్లనే! అందరు కండ్లు మూసుకున్నప్పుడు.”

“అప్పుడు ప్రార్థన గదా. మా కోడలు మైకుల ప్రార్థన అన్నది. మేమూ కండ్లు మూసుకున్నం.”

“కండ్లు మూసుకుంటె సినిమా ఎట్ల కనబడ్తది?”

“ప్రార్థనల కండ్లు తెరుస్తరా ఎవలన్న? నీకు తెల్వదు తియ్యి.”

“మా దగ్గర దేవుని ముంగట కండ్లు మూసుకుని నిలబడితే, జర జరుగమ్మా, ఎనకోళ్లను సూడనియ్యి అంటరు. సూడనీకెనాయె గుడికి పోయేది!”

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒక్కసారిగా అంతా తెలిసింది. మా ఇళ్లలో ప్రార్థన అనే మాట చెవిన పడితే రెప్పలు వాటంతటవే వాలతాయి. చంటిపిల్లలకు నేర్పే మొదటి సంగతి అదే. డోర్నకల్‌లో ఆ దుప్పటి మీద ప్రభువు తోటలో ప్రార్థన చేసే సీను రాగానే చాపల మీదున్న అందరం తలలు వంచేవాళ్లం. ఆ సినిమాను ఏడాదికోసారి చూసినా ఆ తోటలో చెట్లెలా ఉన్నాయో నాకు తెలియదు. నేను ఈ సినిమాను ఒంటరిగా, లైబ్రరీలో నేర్చుకున్న కళ్లతో, ఒక్క రెప్ప వేయకుండా చూశాను. మా వాళ్లు చర్చిలో చూశారు. చర్చిలో చూడాల్సినట్టే చూశారు.

అంటే గోడ మీది సన్యాసులకు ఏం జరిగిందో, గోడ ముందున్న మాకూ అదే జరిగింది. ఆ సినిమా తీసినాయనకు కూడా ఇలాంటి ప్రేక్షకులు దొరికి ఉండరు.

మైకు తీసుకున్నాను. “అయ్యగారూ, మొదటి సీను ఒక్కటి మళ్లీ వేస్తాను. ఈసారి కళ్లు తెరిచి ఉంచమని మీరు చెప్పాలె.”

అయ్యగారు నవ్వుతూ లేచారు. “నేను కూడా మూసుకున్ననమ్మా,” అన్నారు. ఆ మాటకు ఇంకోసారి నవ్వులు. బాపుకు మాత్రం మనసొప్పలేదు. “ప్రార్థన నడుస్తాంటే కండ్లు తెరుసుడు...” అని గొణిగాడు. “వాళ్ల ప్రార్థన వాళ్లు చేసుకుంటరు బాపూ, మనం తర్వాత చేసుకుందాం,” అన్నారు అయ్యగారు. లేచి నిలబడ్డవాళ్లు కూర్చున్నారు.

మఠం మళ్లీ గోడ మీదికి వచ్చింది. ఈసారి నేను నోరెత్తలేదు. లాప్‌టాప్ వైపు కాకుండా జనం వైపు చూశాను. అలవాటు ఎంత గట్టిదో అప్పుడు తెలిసింది. కొందరు కనురెప్పలను బలవంతంగా ఎత్తి పట్టుకున్నట్టు చూస్తున్నారు. అత్తమ్మ ప్రార్థనకు కప్పుకున్నట్టే కొంగు తల మీదికి లాక్కుంది. కళ్లు మాత్రం పెద్దగా తెరిచి ఉంచింది.

వంటవాడు కళ్లు తెరిచాడు. తలుపు సందులో ఆమె కనపడింది. అతను లేచాడు. ఎవరూ దగ్గలేదు. రొట్టె చేతులు మారినప్పుడు ఆడవాళ్ల వరుసలో నుంచి “అయ్యో” అని ఒక చిన్న మాట వచ్చింది. అతను తిరిగొచ్చి మోకరిస్తుంటే, చుట్టూ మూసి ఉన్న ఆ ముసలి సన్యాసుల కళ్లను మా వాళ్లు ఇప్పుడు బాగా చూశారు.

“నేను దొంగన్న గదా ఆయనను,” అంది అత్తమ్మ. చిన్న గొంతుతోనే అన్నా అందరికీ వినపడింది.

“అందుకే నేననుకున్న, ఈమె ఏంది ఆయనను గిట్ల తిడ్తాందని,” అంది కిరాణం అమ్మ.

ఆ ఒక్క సీను చాలనుకుని నేను ఆపడానికి చెయ్యి చాపాను. అత్తమ్మ లేచి నిలబడింది. “ఎందుకాపుతానవ్? పోనియ్యి ముందుకు.” బాపు వైపు చూశాను. ఆయన కదలకుండా గోడ వైపే చూస్తూ, పొమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

అలా మా చర్చిలో ఆ సాయంత్రం ఒకే సినిమాను రెండుసార్లు చూశాం. రెండోసారి నాకు మైకుతో పని పడలేదు. మాటలు అందరికీ గుర్తున్నాయి. వంటవాణ్ని నిలదీసే సీనులో ఎవరూ అతన్ని ఏమీ అనలేదు. మఠం పెద్దనే తిట్టారు. “జెప్పు నాయనా, జెప్పుకో,” అని ఒకావిడ అతన్ని బతిమాలింది. ఆఖర్న ఆమె గేటు దగ్గర ఆగి తల వంచినప్పుడు, బాపు ముక్కు ఎగబీల్చాడు. ఆయన అంతకు ముందు ఏ సినిమాకూ అలా చేయడం నేను చూడలేదు. తీసుకొచ్చింది నేను, ఏడ్చింది వాళ్లు. పుస్తకంలో అరపేజీగా ఉన్నది ఇంతమంది గుండెల్లోకి పోవడం నా కళ్లతో చూశాను. అంతకంటే పెద్ద సర్టిఫికెట్ నాకు అక్కర్లేదనిపించింది.

అయ్యగారి ప్రార్థనకు అందరం మామూలుగానే కళ్లు మూసుకున్నాం. అది అయ్యాక బాపు అత్తమ్మతో అన్నాడు, “వచ్చే ఏటికి ఏం సినిమానో మీ కోడలిని అడుగు.”

“నన్నెందుకు అడుగుమంటానవ్? ఈడనే ఉన్నది, ఆమెనే అడుగు. సదువుకున్నది ఆమె,” అంది అత్తమ్మ.

మర్నాడు ఉప్పు ప్యాకెట్ కోసం కిరాణం షాపుకు వెళ్తే, అక్కడ బేరాలు ఆగిపోయి ఉన్నాయి. అత్తమ్మ, కిరాణం అమ్మ కలిసి, పప్పు కొనడానికి వచ్చిన ఒకావిడకు సినిమా మొత్తం చెప్తున్నారు. ఆ రొట్టె మీద నువ్వులు కూడా ఉన్నాయని అత్తమ్మ అంటోంది. లేవని కిరాణం అమ్మ అంటోంది. నన్ను చూడగానే ఇద్దరూ నా మీదికే వచ్చారు.

“నువ్వు జెప్పు. నువ్వులున్నయా, లేవా?”

“రేపు పొద్దుగూకినంక ఇంటికి రాండ్రి. మళ్ల సూద్దాం,” అన్నాను.

పప్పు కొనడానికి వచ్చినావిడ అడిగింది, “నేను కూడ రావచ్చునా?”